గది వేడి ఇరవై ఏడు

మార్చి 7, గురువారం

పొద్దున మెషిన్లు తెచ్చి బల్ల మీద పెడితే ఆరింటి తెరల మీదా సన్నటి తడి ఉంది. చున్నీ కొసతో ఒక్కొక్కటే తుడిచాను. అప్పటికి ఇంకా ఎవరూ రాలేదు.

పది గంటలకు శ్రవణ్ సార్ వచ్చి నిన్నటి రిజిస్టరు అడిగారు. నిలబడే చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు.

"ముప్పై ఏడా?"

తల ఊపాను.

"ఆరు మెషిన్లు కూడానా? గంటన్నర ఆడినంక?"

"అవును సార్."

రిజిస్టరు పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళారు. అక్కడ తెల్లబోర్డు ఉంది. చేతిలో పట్టుకుని ఆడే గేమింగ్ కంప్యూటర్లు ప్రపంచంలో ఎవరెవరు చేస్తున్నారో అన్నీ దాని మీద వరసగా ఉంటాయి. అమెరికా వాళ్ళది, తైవాన్ వాళ్ళవి రెండు, చైనా వాళ్ళవి నాలుగు. బరువు, బ్యాటరీ, తెర, ఆఖరి గడిలో వీపు వేడి. నేను చేరిన ఎనిమిది నెలల్లో ఆ బోర్డును పదకొండుసార్లు తుడిచి రాశారు. మేము ఒక చిప్పుకు అలవాటు పడేలోపు వాళ్ళు దాని తర్వాతిది పెట్టేస్తారు. ఏ గడి చూసినా మాది ఆఖరిది, లేదంటే ఆఖరి నుంచి రెండోది. కనకమామిడిలో, సార్ మేనమామ ఫాంహౌసులో, నలుగురం కూర్చుని చేస్తున్న మెషిన్ అంతకన్నా ఎక్కడికి పోతుందని ఎవరూ పైకి అనరు.

వీపు వేడిలో వాళ్ళవి 43, 44, ఒకటి 46. మాది మొన్నటిదాకా 46. సార్ దాన్ని అరచేత్తో తుడిచి ఎర్ర మార్కరుతో 37 అని రాశారు.

"మనిషి ఒళ్ళు ఎంత వేడి ఉంటదో గంతే," అన్నారు. తర్వాత అందరి ముందూ, "జెన్నీ, మంచి పని చేసినవ్," అన్నారు.

నేను చేసిందేమీ లేదు. మెషిన్‌లో ఆట దానంతట అది నడుస్తుంది. వానలో ఒక గుర్రం గంటన్నర సేపు పరిగెత్తుతూనే ఉంటుంది. పది నిమిషాలకొకసారి మెషిన్ వీపు మీద గన్ను పెట్టి వేడి చూసి రాయడం నా పని. కరోనా అప్పుడు నుదుటి మీద పెట్టేవాళ్ళు, అలాంటి గన్ను.

మెషిన్లు బిగించే మల్లేశన్న నిన్న సెలవు, మిగతావాళ్ళు సిటీలో ఉన్నారు. ఇవాళ వచ్చి బోర్డు చూసి, "మన పిట్టకు చలి వెడ్తున్నట్టున్నది సార్. ఒక స్వెటర్ కుట్టిద్దాం," అన్నాడు. మెషిన్ పేరు పాలపిట్ట. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

రిజిస్టరులో ప్రతి పేజీ పైన 'గది వేడి' అని ఒక గడి ఉంటుంది. 27 అని రాశాను. రోజూ అదే రాస్తాను. ఏసీ 27 మీదే ఉంటుంది. చేవెళ్ళ కాన్వెంటులో సిస్టర్ ఫిలోమినా ఒక్క గడి ఖాళీగా కనిపించినా నోట్సు తిప్పి ఇచ్చేసేవారు. ఆ భయం ఇంకా వేళ్ళలో ఉంది.

నిన్న మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. సాయంత్రం ఆరు దాటాక వచ్చిందట.

మార్చి 8, శుక్రవారం

శివరాత్రి. నాకు సెలవు. బాపుకు లేదు. తోటలో ఉన్న గులాబీలన్నీ పండగకని మొన్ననే గుడిమల్కాపూర్ మార్కెట్టుకు వెళ్ళిపోయాయి, ఇవాళ మళ్ళీ కోత మొదలు. ఆ ఫాంహౌసులో పూల పని బాపుది. ముప్పై ఏళ్ళుగా అక్కడే. నాకు ఈ ఉద్యోగం వచ్చింది కూడా అట్లాగే. "దొర మేనల్లుడు అక్షరాలు మంచిగుండే పిల్ల కావాలన్నడు బిడ్డా" అని ఒక సాయంత్రం వచ్చి చెప్పాడు.

పగలంతా నవల చదివాను. ఎక్కడున్నానో మూడుసార్లు వెతుక్కున్నాను.

మార్చి 11, సోమవారం

వెన్నెల పోస్టరు తయారుచేసింది. అమ్మకాలూ, నెట్టులో పెట్టే వీడియోలూ ఆమె పని. నల్లటి పోస్టరు, మధ్యలో పెద్దగా 37, కింద "మీ అరచేయంత వెచ్చన." శనివారమే పెట్టేసిందట.

"రెండు రోజుల్లో టూ టెన్ బుకింగ్స్ జెన్నీ. నీ నంబరే హీరోయిన్ ఇప్పుడు."

నా నంబరు.

ఇరవై ఏడో తారీకు సిటీలో డీలర్ల మీటింగు. అక్కడ ఎవరైనా మెషిన్ చేతిలోకి తీసుకుని ఆడొచ్చు. పెద్ద హోటల్. హోటళ్ళలో ఏసీ చాలా గట్టిగా ఉంటుందంటారు.

సార్ ఒక్కరే ఉన్నప్పుడు వెళ్ళాను. ముందు దగ్గాను.

"సార్, ఇంకొకసారి టెస్టు చేద్దామా?"

"ఎందుకు? డౌటా?"

"డౌట్ కాదు సార్. రెండుసార్లు ఉంటే బాగుంటుందని."

"చెయ్. నూరుసార్లు చేసినా అదే వస్తది."

మార్చి 12

46, 47, 46, 46, 45, 47.

నలభై నిమిషాల తర్వాత గుర్రం ఆగి ఆగి పరిగెత్తింది. బాగా వేడెక్కితే మెషిన్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

గది వేడి 27.

మార్చి 13

46. గది వేడి 27. సార్ టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు.

మార్చి 14, గురువారం

సార్ అరవలేదు. అరిస్తే బాగుండేది. మల్లేశన్నను పిలిచి బోర్డు ముందు నిలబెట్టి నెమ్మదిగా అడిగారు.

"ఆరో తారీకు ముప్పై ఏడు. తొమ్మిదో తారీకు నువ్వు ఆరు మెషిన్లు తెరిచినవ్. పన్నెండున నలభై ఆరు. నడుమల ఏమైందో నువ్వే చెప్పు."

"తెరిచిన సార్. టెస్టు అయినంక తెరువకుంటే లోపల పేస్టు ఎండిందో లేదో ఎట్ల తెలుస్తది? ప్రతిసారి తెరుస్తనే ఉన్న గద."

చిప్పుకూ రాగి రేకుకూ మధ్య బూడిద రంగు పేస్టు ఒకటి పూస్తారు. వేడిని అది బయటికి లాగుతుంది. దాన్ని సన్నగా, సమంగా పూయడం మల్లేశన్నకు వచ్చినట్టు ఎవరికీ రాదు. సారే ఎన్నోసార్లు అన్నారు.

"పదేండ్ల సంది ఇదే పని సార్."

"ఫోన్లు తెరిచినవ్ పదేండ్లు. ఇది ఫోన్ కాదు."

మల్లేశన్నకు మొయినాబాద్ బస్‌స్టాండు దగ్గర ఫోన్లు రిపేరు చేసే డబ్బా ఉండేది. ఇక్కడ చేరడానికి దాన్ని తీసేశాడు. ఆ మాట విని చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు.

సార్ నా వైపు తిరిగారు. "జెన్నీ, ఆరో తారీకు ఏమన్న తేడా ఉండెనా?"

"లేదు సార్."

ఆయన అడిగింది మెషిన్ల గురించి. మెషిన్లలో తేడా లేదు.

మార్చి 15

మల్లేశన్న ఆరింటినీ మళ్ళీ విప్పాడు. పాత పేస్టు తుడిచి కొత్తది పూశాడు. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. నేను చాయ్ తీసుకెళ్ళి పక్కన పెట్టాను.

"జెన్నమ్మా, జర ఇటు సూడు."

ఆరో నంబరు మెషిన్ కడుపు విప్పి ఉంది. తడి తగిలితే రంగు మారే చిన్న తెల్ల స్టిక్కరు ఒకటి ప్రతి మెషిన్ లోపలా ఉంటుంది. అందులో అది గులాబి రంగుకు తిరిగింది.

"నీళ్ళు వడ్డయా దీని మీద?"

"లేదన్నా."

"చాయ్ గిట్ల?"

"లేదు."

కాసేపు స్టిక్కరును చూశాడు. తర్వాత నన్ను చూశాడు. "అయితే ఆ గుర్రమే వానల ఉరికి ఉరికి తడిసినట్టున్నది," అన్నాడు. నవ్వలేదు.

నీళ్ళు పడలేదు. అది నిజమే.

మార్చి 17, ఆదివారం

చర్చి. ఈస్టరుకు ముందు శ్రమ దినాలు నడుస్తున్నాయి. గుడ్ ఫ్రైడే నాడు, యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల్లో ఒక మాట మీద నన్ను మాట్లాడమని పాస్టరమ్మ అడిగింది. నాకు గొంతు రాదన్నాను.

"కాగితం మీద రాసుకోనొచ్చి సదువు. నీ రాత ముత్యాలోలె ఉంటది గద."

రానన్నాను.

మార్చి 18, సోమవారం

తైవాన్ వాళ్ళు కొత్తది ప్రకటించారు. రెండు ఫ్యాన్లు, పెద్ద బ్యాటరీ, మా దానికన్నా తొంభై గ్రాములు తక్కువ బరువు. వీపు వేడి 41. పోయిన దానికీ దీనికీ మధ్య అయిదు నెలలు కూడా లేవు.

సార్ బోర్డు మీద రాసి చాలాసేపు అక్కడే ఉన్నారు. ఆయన వెనక నుంచి చూశాను. జుట్టు తల నడిమిన పలచబడింది. ఎప్పుడూ గమనించలేదు. గచ్చిబౌలిలో పెద్ద ఉద్యోగం మానేసి వచ్చినాయన.

"నలభై ఒకటి," అన్నారు. "మన ముప్పై ఏడు లేకుంటే ఇయ్యాల దుకాణం బంద్ చేసుకోని ఇంటికి పోయేటోళ్ళం. ఉన్నది మన దగ్గర. ఒకసారి వచ్చింది అంటే మళ్ళ వస్తది. ఎక్కడ పోయిందో దొరకవట్టాలె, అంతే."

మల్లేశన్న తల ఎత్తకుండా స్క్రూలు బిగిస్తున్నాడు.

మార్చి 19

అందరూ అన్నానికి వెళ్ళినప్పుడు ఏసీ 18 మీద పెట్టి ఒక్క మెషిన్‌తో చేశాను. 42. రిజిస్టరులో ఎక్కించలేదు.

మార్చి 20, బుధవారం

మల్లేశన్నను రేపటి నుంచి రావొద్దన్నారు.

మార్చి 21, గురువారం

నిన్న రాయలేకపోయాను.

సార్ తన కుర్చీలోంచి లేచి వచ్చి చెప్పారు. "నీ మీద కోపం కాదు మల్లేశ్. మీటింగుకు వారం ఉన్నది. ఇంకొకతను వచ్చి మొదటి నుంచి చూస్తడు." మల్లేశన్న "మంచిది సార్" అన్నాడు. స్క్రూడ్రైవర్లు తన సొంతం. వాటిని పాత గుడ్డలో వరసగా పేర్చి, చుట్టి, దారం కట్టాడు. ఒక్కొక్కటీ ఎత్తి సార్‌కు చూపించి మరీ పెట్టాడు, ఏదీ కంపెనీది కాదని. అట్లా చూపించాల్సిన పని లేదు. సార్ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

నా బల్ల దగ్గర ఆగాడు.

"జెన్నమ్మా, ఆరో నంబరు జర పైలం. అది తడిసిన పిట్ట."

నేను పెన్ను మూత పెడుతూ తీస్తూ ఉన్నాను. ఒక మాట నాలుక దాకా వచ్చింది. "సరే అన్నా" అన్నాను. వచ్చిన మాట అది కాదు.

ఇవాళ ఇంట్లో బాపు పళ్ళెం ముందు కూర్చుని, అమ్మ లోపలికి వెళ్ళేదాకా ఆగి అడిగాడు.

"మల్లేశ్‌ను తీసేసిన్రట గద."

"ఊఁ."

"నిన్నేమన్న అడిగిన్రా?"

"ఎవరు?"

"ఎవరో ఒకరు."

"లేదు."

ముద్ద కలుపుతూ ఉన్నాడు. "అడిగితే నా పేరు జెప్పు బిడ్డా. నాదేమున్నది, ముసలోన్ని."

బాపుకు యాభై ఎనిమిది. ఆ తాళం వేసే గదిలో పూలు తప్ప ఇంకేమీ పెట్టొద్దని దొర మాట. ముప్పై ఏళ్ళలో బాపు ఆ మాట దాటింది ఒక్కసారి.

మార్చి 22

బుకింగులు 612. కొత్తతను వచ్చాడు. 46.

మార్చి 23, శనివారం

మొయినాబాద్‌లో దిగి బస్సు మారాలి. దిగాను గానీ మారలేదు. ఫోన్ కవర్లు అమ్మే దుకాణం ముందు చిన్న బల్ల వేసుకుని మల్లేశన్న కూర్చున్నాడు. కంటికి భూతద్దం. ఎవరిదో పగిలిన ఫోను విప్పుతున్నాడు.

"ఏం చెల్లె, ఫోన్ ఖరాబైందా?"

"లేదన్నా."

"మరి కూసో." స్టూలు కాలితో జరిపాడు. "మన పిట్టలెట్లున్నయ్? చలి పోయిందా?"

"నలభై ఆరే."

"నలభై ఆరే ఉంటది. దాని గుణమే నలభై ఆరు. అది చెడ్డదేం కాదు. నలుగురం జేసిన మెషిన్‌కు అది మంచి నంబరే. దుకాన్ల వెట్టి అమ్మొచ్చు."

భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

"మా బామ్మర్ది లైన్‌మ్యాన్, ఎర్కేనా నీకు? ఆరో తారీకు కనకమామిడిల ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. పగటీలి నుంచి పొద్దుమీకే దాక కరెంటు లేదు. టెస్టేమో మూడు గంటలకు జేసినవ్. ఏసీ ఎట్ల నడిచె జెన్నమ్మా?"

బస్సు ఒకటి వచ్చి ఆగి వెళ్ళిపోయింది. దుమ్ము కళ్ళలో పడింది.

"సార్‌కు ఎందుకు చెప్పలేదన్నా?"

"ఆ పేజీ మీద నీ సంతకమున్నది. నా నోటితోని ఎట్ల జెప్త? మళ్ళ మీ బాపు ఆడ్నే ఉన్నడాయె." పగిలిన అద్దాన్ని గోటితో ఎత్తాడు. "నువ్వే జెప్తవనుకున్న. ఒకరోజు సూసిన, రెండ్రోజులు సూసిన. నీకు మాట బయటికి రానికి టైం వడ్తది అని ఎర్కే. గింత టైమా అనుకున్న, గంతే."

కోపంగా అనలేదు. ఫోను సొంతదారు వచ్చి "అయిందా అన్నా" అంటే, "అయితున్నది, నీ ఫోన్ నీకంటె ముసల్దున్నది" అన్నాడు. నేను లేచి తర్వాతి బస్సెక్కాను.

మార్చి 24

మట్టల ఆదివారం. మట్ట పట్టుకుని అందరితో నడిచాను. పాడలేదు.

మార్చి 25

హోలీ, సెలవు. సార్‌కు ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను. చక్కగా వచ్చింది. చింపేశాను.

మార్చి 26, మంగళవారం

సార్ కన్నా ముందే వెళ్ళాను. ఆయన వచ్చి కూర్చోగానే రిజిస్టరు ఆరో తారీకు పేజీ తెరిచి ముందు పెట్టాను. వెన్నెల రేపటి మీటింగుకు డబ్బాలు సర్దుతోంది.

"సార్, ఈ గడి తప్పు."

"ఏ గడి?"

"గది వేడి. ఆ రోజు కరెంటు లేదు. ఏసీ లేదు. మన గదిలో ముప్పై నాలుగు ఉంది. టెస్టు ఆపొద్దని మీరు పొద్దునే ఫోన్‌లో చెప్పారు. పూల కోల్డ్ రూముకు జనరేటరు ఉంది. పూలన్నీ శివరాత్రికి వెళ్ళిపోయి ఖాళీగా ఉంది. మెషిన్లు తీసుకెళ్ళి అక్కడ పెట్టి చేశాను."

ఎనిమిది నెలల్లో ఆయనతో ఇన్ని మాటలు ఎప్పుడూ మాట్లాడలేదు.

"కోల్డ్ రూముల."

"అవును సార్. రాత్రి కూడా అక్కడే ఉన్నాయి. పొద్దున బయటికి తెస్తే తడి పట్టింది. మల్లేశన్న చూసిన స్టిక్కరు అందుకే మారింది. ఆయన చేసిన తప్పేమీ లేదు."

వెన్నెల డబ్బా మూత పట్టుకుని అట్లాగే నిలబడింది.

"తాళం ఎవరిచ్చిన్రు?"

"నేనే తీసుకున్నాను సార్. మేకుకు ఉంటుంది."

తాళం తీసింది బాపు. మెషిన్లకు వేడి తగిలితే పాడైపోతాయని నేను ఏడుపు మొహం పెడితే తీశాడు. ఆ మాట చెప్పలేదు. చెప్పను.

"మరి ఇరవై ఏడు ఎందుకు రాసినవ్?"

"అలవాటు మీద సార్. రోజూ అదే రాస్తాను. గడి ఖాళీగా వదలొద్దని."

సార్ నన్నే చూస్తూ ఉన్నారు. నమ్మారు. ఆయన మొహంలో నమ్మిన సంగతి తెలిసింది, దానికన్నా తిట్టినా బాగుండేది.

"అలవాటు," అన్నారు.

లేచి బోర్డు దగ్గరికి వెళ్ళి 37 తుడిచారు. ఎర్ర మార్కరు కదా, పూర్తిగా పోలేదు. దాని మీదే 46 అని రాశారు. పై నుంచి కిందికి మొత్తం వరసను ఒకసారి చూశారు. ఫోన్ తీశారు.

"మల్లేశ్, ఎక్కడున్నవ్? రేపు మీటింగుకు రావాలె... లేదు, మళ్ళ విప్పుడేం లేదు. నువ్వేం జెయ్యలే... నువ్వేం జెయ్యలే అంటున్న గద." అవతల ఏదో అంటే ఒక్క క్షణం నవ్వబోయి ఆగిపోయారు. "స్వెటరొద్దు. నువ్వు రా."

వెన్నెల పోస్టరు తీసేసింది. 612 మందికీ ఏం రాయాలో మధ్యాహ్నం దాకా సార్‌తో కూర్చుని రాసింది. నలభై ఆరు అని రాశారు. ఎందుకు మారిందో కూడా రాశారు. నా పేరు రాయలేదు. సాయంత్రానికి సగం మంది బుకింగు వెనక్కి తీసుకున్నారు. రేపు డీలర్లు ఏమంటారో తెలియదు. నలభై ఒకటి చూసి వచ్చినవాళ్ళు నలభై ఆరును ఎందుకు పట్టుకుంటారు.

వచ్చేటప్పుడు సార్ పిలిచారు. "కొన్ని రోజులు రిజిస్టరు వెన్నెల రాస్తది. నీకు అలవాటు పోయేదాక. ఫికర్ చెయ్యకు, చేతి పొరపాటు ఎవరికైనా అయితది."

సరే అన్నాను.

ఇంటికి వచ్చి బాపుకు చెప్పాను, అడిగితే తాళం నేనే తీశానని చెప్పమని. "అబద్ధమాడమంటవా శ్రమ దినాలల్ల," అన్నాడు. తర్వాత, "అన్నం తిను," అన్నాడు.

కోల్డ్ రూము తలుపు మీద అరచేయంత థర్మామీటరు ఉంటుంది. ఆ రోజు అది పది చూపించింది. చూశాను. చూసి, తలుపు వేసి, 27 అని రాశాను.